ఎర్రదుమ్ము సీమలో ఆయిల్ ఫిల్టర్: డబ్బా లోపల ఏముంది, కొట్లో ఏం చూసి కొనాలి

అనంతపురంలో గానీ కర్నూలులో గానీ ఏ స్పేర్‌పార్ట్స్ కొట్టుకు పోయి "అన్నా, ఈ బండికి ఆయిల్ ఫిల్టర్ ఇయ్యన్నా" అని అడిగినా, కౌంటర్ మీదికి రెండు మూడు డబ్బాలు వస్తాయి. ఒకటి బండి కంపెనీ పెట్టెలో ఉంటుంది, ఇంకొకటి పేరున్న ఫిల్టర్ తయారీదారుది, మరొకటి ఎన్నడూ వినని పేరుతో సగం ధరకే దొరికేది. పైకి మూడూ ఒకే తీరు. రంగేసిన రేకు డబ్బా, మూతి దగ్గర రబ్బరు రింగు, నడుమ మరలున్న రంధ్రం. తేడా అంతా లోపల ఉంటుంది, కొనేటప్పుడు కోసి చూడలేం. లోపల ఏ భాగం ఏ పని చేస్తుందో తెలిస్తే మాత్రం బయటికి కనిపించే గుర్తులతోనే చాలావరకు తేల్చుకోవచ్చు. ఇంకో మాట ముందే చెప్పాలి. మన జిల్లాల్లో ఆయిల్ ఫిల్టర్ ఎన్నాళ్లు పని చేస్తుందనేది చాలావరకు, ఇంజన్ పీల్చే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ దగ్గరే తేలిపోతుంది. అది వదిలేసి ఎంత ఖరీదైన ఆయిల్ ఫిల్టర్ వేసినా డబ్బు దండగ.

ఆయిల్‌లోకి ఏం చేరుతుంది

ఇంజన్ తిరిగేటప్పుడు క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, తనను మోసే బేరింగులను తాకదు. పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. బరువు పడిన చోట ఆ పొర మందం కొద్ది మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పొరకన్నా బాగా చిన్న రేణువు ఆయిల్‌తో పాటే జారిపోతుంది. బాగా పెద్దది ఆ సందులోకి దూరనే దూరదు. పొర మందానికి దగ్గరగా ఉన్న రేణువే ఇరుక్కుని రెండు వైపులా గీస్తుంది. అందుకే కంటికి కనిపించే నలుసుకన్నా కంటికి ఆనని 5 నుంచి 20 మైక్రాన్ల ధూళి ఇంజన్‌కు ఎక్కువ చేటు.

ఆ ధూళి ఎక్కడిదో కూడా చూడాలి. అనంతపురం ఎర్రనేలలు గ్రానైట్ రాయి చివికి ఏర్పడినవి, వాటి దుమ్ములో పలుగురాయి రేణువులు ఉంటాయి. గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో పలుగురాయి 7. సిలిండర్ గోడల పోత ఇనుము దానికి ఆగదు, గీతలు పడతాయి. కడప బండ సున్నపురాయి కాబట్టి దాని పొడి మెత్తన, సున్నపురాయిలోని ఖనిజం ఆ లెక్కలో 3. యర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీల చుట్టూ తిరిగే బండ్లకు ఆ తెల్లపొడి చేసే చెరుపు వేరు. అది అంతగా గీయదు గానీ ఎయిర్ ఫిల్టర్‌ను త్వరగా పూడ్చేస్తుంది. గ్రానైట్ క్వారీలు, కంకర క్రషర్ల దగ్గర పనిచేసే టిప్పర్లకు మాత్రం రెండు బాధలూ తప్పవు.

బయటి దుమ్ము కాక, ఇంజన్ తానే పుట్టించే మురికి కూడా ఉంది. అరిగిన ఇనుము, అల్యూమినియం, రాగి పొడి ఒకటి. వేడికి చిక్కబడి జిగురుగా మారిన ఆయిల్ ఒకటి. కొత్తగా పని చేయించిన ఇంజన్‌లో అతుకుల దగ్గర ఎక్కువగా పూసిన సీలెంట్ జిగురు ముక్కలు ఒకటి. డీజిల్ ఇంజన్‌లో వీటికి తోడు మసి. మసి రేణువులు మైక్రాన్‌కన్నా చిన్నవి, కాగితపు ఫిల్టర్ వాటిని పట్టలేదు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడేది ఇందువల్లే. అది చూసి "ఫిల్టర్ పనిచేయడం లేదు" అనుకోకండి. ఆయిల్‌లో కలిపే డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు మసిని గడ్డ కట్టకుండా విడదీసి పట్టుకుంటున్నాయని దాని అర్థం. మసి బయటికి పోవాలంటే ఆయిల్ మార్చడం ఒక్కటే దారి.

డబ్బా లోపలి దారి

ఇంజన్ కింద ఆయిల్ నిలిచే గిన్నెను చాంబర్ అంటారు. దాని అడుగున ఉన్న జాలీ నుంచి పంపు ఆయిల్‌ను లాగుతుంది. పంపు దగ్గరే ఉన్న రిలీఫ్ వాల్వ్, ఒత్తిడి హద్దు దాటితే మిగులు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తుంది. మిగతాదంతా ఫిల్టర్‌కు వస్తుంది. మూతి పళ్లెం మీద గుండ్రంగా ఉన్న చిన్న రంధ్రాల గుండా డబ్బాలోకి దిగి, మడతలు పెట్టిన కాగితం చుట్టూ నిండి, బయటినుంచి లోపలికి కాగితాన్ని దాటి, నడిమి గొట్టంలోకి చేరుతుంది. అక్కడినుంచి మరల రంధ్రం గుండా ఇంజన్‌లోని ఆయిల్ దారుల్లోకి పోతుంది. మురికి కాగితం బయటివైపే ఉండిపోతుంది. ఒత్తిడిని నిర్ణయించేది రిలీఫ్ వాల్వ్, బేరింగుల సందులు, ఆయిల్ చిక్కదనం. ఫిల్టర్ ఒత్తిడిని పెంచదు. "ఈ ఫిల్టర్ వేస్తే ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది" అని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

కాగితం అన్నాం గానీ అది జల్లెడలా పనిచేయదు. మన పొలాల చుట్టూ వేసే కంపకంచెకు గాలికి కొట్టుకొచ్చిన చెత్త ఎలా తట్టుకుంటుందో చూసే ఉంటారు. పెద్ద ఆకు బయటే ఆగుతుంది, చిన్నది లోపలికి పోయి ఏదో కొమ్మకు చిక్కుకుంటుంది. ఫిల్టర్ నారలు కూడా అలాగే మందంలో అక్కడక్కడా రేణువులను పట్టుకుంటాయి. కాబట్టి నారల నడుమ సందు కన్నా చిన్న రేణువులు కూడా కొన్ని దొరుకుతాయి, కొన్ని తప్పించుకుంటాయి. ఒకసారి తప్పించుకున్నది పూర్తిగా పోయినట్టు కాదు. చాంబర్‌లోని మూడు నాలుగు లీటర్ల ఆయిల్ మొత్తం నిమిషంలో చాలాసార్లు ఫిల్టర్ గుండా తిరిగొస్తుంది, మళ్లీ దొరుకుతుంది.

అందుకే పెట్టె మీద "10 మైక్రాన్" అని రాసి ఉంటే సరిపోదు. 10 మైక్రాన్ల రేణువుల్లో వందకు ఎన్నింటిని పడుతుందో చెప్పాలి. దీన్ని తేల్చే పద్ధతి ఐఎస్ఓ 4548-12 అనే ప్రమాణం. పరీక్షలో ఆయిల్‌లో కొలతకు తగ్గ ధూళి కలిపి, ఫిల్టర్ గుండా మళ్లీ మళ్లీ తిప్పి, ముందు ఎన్ని రేణువులు ఉన్నాయో వెనక ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. ముందున్నదాన్ని వెనకున్నదానితో భాగిస్తే వచ్చే సంఖ్యను బీటా అంటారు. బీటా 2 అంటే సగం మాత్రమే ఆగాయి. బీటా 75 అంటే వందకు 98.7 ఆగాయి. 1000 అయితే 99.9. ఒకడు 20 మైక్రాన్ల దగ్గర బీటా 2 చూపి "20 మైక్రాన్ ఫిల్టర్" అంటాడు, ఇంకొకడు అదే 20 దగ్గర బీటా 75 చూపి అదే మాట అంటాడు. రెండింటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. పేరున్న తయారీదారుల డేటా షీట్లలో ఈ అంకెలు దొరుకుతాయి, చూసి పోల్చుకోవచ్చు.

కాగితంలో రకాలున్నాయి. మామూలుది కలప గుజ్జు నారతో చేసి, జిగురు ఎక్కించి కాల్చిన సెల్యులోజ్. దీని నారలు లావు, ఎగుడుదిగుడు. గాజు నారతో చేసిన సింథటిక్‌లో నారలు సన్నగా ఒకే తీరున ఉంటాయి కాబట్టి అంతే మందంలో చిన్న రేణువులను ఎక్కువ పడుతుంది, ఆయిల్‌ను కూడా అంతగా అడ్డుకోదు, మురికి పట్టే చోటు ఎక్కువ. రెండూ కలిపినవీ ఉన్నాయి. పదివేల కిలోమీటర్ల లోపే ఆయిల్ మార్చేవాళ్లకు మంచి సెల్యులోజ్ ఫిల్టర్ చాలు. సింథటిక్ ఆయిల్ పోసి ఎక్కువ దూరం నడిపేవాళ్లకు సింథటిక్ కాగితం ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తుంది.

రెండు వాల్వులు

ఫిల్టర్‌లో తెలివంతా ఈ రెండు చిన్న భాగాల్లోనే ఉంది. చౌక డబ్బాల్లో మొదట కోత పడేది కూడా వీటి మీదే.

మొదటిది బైపాస్ వాల్వ్. చలికాలం ఉదయం చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ కాగితాన్ని తొందరగా దాటలేదు. మురికితో పూడిన కాగితం ఎప్పుడూ దాటనివ్వదు. అప్పుడు ఆయిల్ ఆగిపోతే బేరింగులు నిమిషాల్లో పాడవుతాయి. మురికి ఆయిల్ అయినా ఆయిల్ లేకపోవడంకన్నా మేలు కాబట్టి, కాగితానికి ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ తేడా ఒక హద్దు దాటగానే స్ప్రింగు వాల్వ్ తెరుచుకుని ఆయిల్‌ను వడకట్టకుండానే లోపలికి వదులుతుంది. ఆ హద్దు ఇంజన్‌ను బట్టి సుమారు 0.6 నుంచి 1.7 బార్ దాకా ఉంటుంది. ఇది మొత్తం ఆయిల్ ప్రెషర్ కాదు, రెండు వైపుల నడుమ తేడా మాత్రమే. చాలామంది మెకానిక్‌లు కూడా ఇక్కడే పొరపడతారు.

స్ప్రింగు బలహీనంగా ఉంటే చీటికీ మాటికీ తెరుచుకుని, ఇంజన్ వేగం పెంచిన ప్రతిసారీ మురికి ఆయిల్ బేరింగులకు పోతుంది. మరీ గట్టిగా ఉంటే వాల్వ్ తెరుచుకునే లోపు కాగితం చిరుగుతుంది, నడిమి గొట్టం నొక్కుకుపోతుంది. కొన్ని ఇంజన్లకు బైపాస్ ఫిల్టర్‌లో ఉండదు, ఇంజన్ వైపు ఫిల్టర్ కూర్చునే చోటే ఉంటుంది. అలాంటి బండికి వచ్చే ఫిల్టర్‌లో బైపాస్ పెట్టరు. దాన్ని తీసి, ఫిల్టర్‌లోనే బైపాస్ కావలసిన వేరే ఇంజన్‌కు బిగిస్తే రబ్బరు కూర్చుంటుంది, మర పడుతుంది, కారదు. ఫిల్టర్ పూడిన రోజున మాత్రం ఆయిల్‌కు దారి ఉండదు. "సైజు ఒకటేలే, పడుతుంది" అనే మాట ఎందుకు ప్రమాదమో ఇదొక్కటి చాలు.

బైపాస్ ఎక్కడ పెట్టారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. డబ్బా అడుగువైపు ఉంటే, నిలువుగా వేలాడే ఫిల్టర్‌లో అక్కడ పేరుకున్న మడ్డిని ఊడ్చుకుంటూ ఆయిల్ లోపలికి పోతుంది. మూతివైపు ఉంటే ఆ మడ్డి జోలికి పోదు.

రెండోది వెనక్కి కారకుండా ఆపే రబ్బరు. లోపలికి పోయే రంధ్రాల వెనక పల్చటి రబ్బరు పళ్లెం ఉంటుంది. ఆయిల్ లోపలికి వచ్చేటప్పుడు వంగి దారి ఇస్తుంది, ఇంజన్ ఆపగానే రంధ్రాలను మూసేస్తుంది. అడ్డంగానో తలకిందులుగానో బిగించే ఫిల్టర్లకు ఇది తప్పనిసరి. లేకపోతే రాత్రంతా డబ్బాలోని ఆయిల్ చాంబర్‌లోకి దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే డబ్బా నిండేదాకా ఇంజన్ పై భాగం ఎండుగా తిరుగుతుంది. ఆయిల్ లైటు మామూలుగా ఆరేదానికన్నా మూడు నాలుగు సెకన్లు ఆలస్యంగా ఆరడం, ఆ సేపు ట్యాపెట్లు (వాల్వులను నొక్కే భాగాలు) టకటకలాడడం దీని గుర్తులు. బండి బాగా నడిచి ఆగి, పది నిమిషాల్లో మళ్లీ స్టార్ట్ చేస్తే శబ్దం రాదు. రాత్రంతా నిలిపితేనే వస్తుంది. అలా ఉంటే ఇంజన్ విప్పే ముందు ఫిల్టర్ మార్చి చూడండి.

ఈ రబ్బరు నైట్రైల్‌తో గానీ సిలికోన్‌తో గానీ చేస్తారు. నైట్రైల్ ఎక్కువగా నలుపు. సిలికోన్ తరచుగా ఎరుపు లేదా నారింజ రంగులో ఉంటుంది, అయితే రంగు ఒక్కటే సాక్ష్యం కాదు. వేడికి నైట్రైల్ గట్టిపడి పట్టు వదిలేస్తుంది, సిలికోన్ ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో నీళ్ల ట్యాంకర్‌కో బోర్ బండికో గంటల తరబడి తిరిగే ఇంజన్‌కు సిలికోన్ రబ్బరున్న ఫిల్టర్ కొంటే మేలు.

కొట్లో కౌంటర్ దగ్గర

మొదట చూడాల్సింది పార్ట్ నంబర్. బండి పేరు చెప్పి అడగొద్దు. మాన్యువల్‌లోనో పాత ఫిల్టర్ మీదో ఉన్న నంబర్ చెప్పి, దానికి సరిపడే నంబర్‌ను ఆ తయారీదారు కేటలాగ్‌లో చూసి తీసుకోండి. ఒకే మోడల్ పేరుతో పెట్రోల్‌కు ఒకటి, డీజిల్‌కు ఒకటి, ఏడాది మారితే ఇంకొకటి ఉంటాయి.

మర విషయంలో ఒక ఉచ్చు ఉంది, దాన్ని కాస్త వివరంగానే చెప్పాలి. కార్ల ఫిల్టర్లలో ఎక్కువగా కనిపించే మరలు రెండు. ఒకటి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. రెండోది ఎం20, అంటే 20 మిల్లీమీటర్లు, చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, చుట్టుకు 1.59. రెండూ చూపుకు ఒకటే. ముప్పావు అంగుళం స్టడ్ (ఫిల్టర్ ఎక్కే మరల గొట్టం) ఉన్న ఇంజన్‌కు ఎం20 ఫిల్టర్ పెడితే సులువుగా ఎక్కుతుంది, చివర రబ్బరు బిగిసినట్టే అనిపిస్తుంది. నిజానికి మరల అంచులు మాత్రమే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ప్రెషర్ పెరిగినప్పుడు, అదీ హైవే మీద, డబ్బా ఊడి పడితే చాంబర్‌లోని ఆయిల్ అంతా కొద్ది సేపట్లో రోడ్డు పాలవుతుంది. కొత్త ఫిల్టర్ ఎక్కించేటప్పుడు మొదటి చుట్లలోనే అటూ ఇటూ ఊపి చూడండి. లొడలొడలాడితే ఆపేయండి, అది మీ బండిది కాదు.

ఇక చేతిలో పట్టుకుని చూసేవి. నడిమి రంధ్రంలోంచి మొబైల్ టార్చి వేయండి. లోపలి గొట్టానికి రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా, లేక చీల్చిన రేకు సందులు సగం మూసుకుపోయి ఉన్నాయా తెలుస్తుంది. ఇరుకు సందులున్న గొట్టం ఆయిల్‌ను అడ్డుకుంటుంది. అంచు రంధ్రాల్లోంచి అగ్గిపుల్లతో రబ్బరు పళ్లేన్ని మెల్లగా నొక్కితే మెత్తగా వంగి తిరిగి తన చోటికి రావాలి. మరల మీద వేలు తిప్పితే ఇనుప రజను అంటకూడదు. అంటితే వద్దు, ఎందుకంటే మరలున్నది శుభ్రమైన ఆయిల్ పోయే దారి, ఆ రజను నేరుగా బేరింగులకే చేరుతుంది. బయటి రబ్బరు రింగు తన గాడిలో సమంగా కూర్చుని ఉండాలి. మూతి పళ్లెం, డబ్బా కలిసే అంచు మడత చుట్టూ ఒకే తీరున ఉండాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ఏదీ కదలకూడదు. కాగితపు చుట్టను అడుగున స్ప్రింగు నొక్కి పట్టి ఉంచాలి, కదులుతోందంటే ఆయిల్ పక్కనుంచి తప్పించుకుపోతుంది.

మడతలు ఎక్కువుంటే మంచిదనే మాట వినిపిస్తుంది, అది పూర్తిగా నిజం కాదు. మరీ దగ్గరగా కుక్కిన మడతల నడుమ ఆయిల్ చేరదు, ఆ వైశాల్యం వృథా. మడతలు సమానంగా, కొసలు అతుక్కోకుండా, రెండు చివర్ల మూతలకు జిగురుతో పూర్తిగా అతికి ఉండడం ముఖ్యం. చివరి మూత రేకుతో చేసినా గట్టి అట్టతో చేసినా పనిచేస్తుంది. అట్ట చూసి భయపడక్కరలేదు. అతుకు దగ్గర సందు ఉంటే మాత్రం ఎంత మంచి కాగితమైనా దండగే.

బండి కంపెనీలు తమ పెట్టెలో ఇచ్చే ఫిల్టర్లను ఎక్కువగా ఫిల్టర్లే చేసే కంపెనీల దగ్గర చేయించుకుంటాయి. బాష్, మాన్, మాలే, ప్యూరోలేటర్, ఫ్లీట్‌గార్డ్, ఎలోఫిక్ లాంటి పేర్లు మన బజారులో దొరుకుతాయి. మీ ఇంజన్‌కు సరైన నంబర్ అయితే వీటిలో ఏదైనా వాడుకోవచ్చు. వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ ఫిల్టరే వాడి బిల్లు దాచుకోవడం మంచిది. ఇక్కడ పెద్ద భయం బ్రాండ్ కాదు, డూప్లికేట్. పెట్టె మీద అచ్చు చెదిరి ఉండడం, డబ్బా మీది నంబర్‌కూ పెట్టె మీది నంబర్‌కూ పొంతన లేకపోవడం, తయారీ నెల, ఎంఆర్‌పీ లేబుల్ లేకపోవడం చూస్తే వదిలేయండి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి చూడండి. బిల్లు ఇవ్వనన్న చోట కొనొద్దు. అద్దాల అరలో ఏళ్ల తరబడి ఎండకు కాగిన డబ్బా అసలుదే అయినా దాని రబ్బరు అప్పటికే సగం చచ్చి ఉంటుంది.

బిగించేటప్పుడు

ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ పలచబడి మడ్డితో సహా దిగుతుంది. చేయి కాలేంత వేడిలో మాత్రం పని పెట్టుకోవద్దు. ఆయిల్ నింపే మూత తీసి, చాంబర్ డ్రెయిన్ బోల్టు విప్పి, ధార చుక్కలుగా మారేదాకా వదలండి. ఫిల్టర్‌ను బెల్టు పానాతోనో గిన్నె పానాతోనో తిప్పాలి. స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పడం చివరి ప్రయత్నంగానే ఉండాలి, రేకు చిరిగితే పట్టు దొరకదు.

పాత ఫిల్టర్ తీయగానే దాని రబ్బరు రింగు దానికే ఉందో లేదో చూడండి. ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతే, దాని మీద కొత్త రబ్బరు కూర్చుంటుంది. రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి. ఐడ్లింగ్‌లో కారదు. రేస్ ఇవ్వగానే పై రబ్బరు జారి ఆయిల్ పిచికారీ కొడుతుంది. ఆయిల్ మార్చాక జరిగే ప్రమాదాల్లో అందరికీ తెలిసినది ఇదే, అయినా తొందరలో ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

కూర్చునే చోటును శుభ్రమైన గుడ్డతో తుడవండి, పోగులు రాలే నూలు వేస్టు వద్దు. కొత్త రబ్బరుకు కొత్త ఆయిల్ పలచగా రాయండి, గ్రీజు వద్దు. ఎండుగా బిగిస్తే రబ్బరు మెలిపడుతుంది. నిలువుగా, మూతి పైకి ఉండేలా బిగించే ఫిల్టర్ అయితే ముందే కొంత ఆయిల్ నింపొచ్చు. నింపేటప్పుడు అంచు రంధ్రాల గుండానే పోయండి. నడిమి రంధ్రంలో పోస్తే, సీసా మూతి మీది దుమ్ము వడకట్టకుండా ఇంజన్‌లోకి పోతుంది. చేత్తో తిప్పుతూ రబ్బరు తగిలేదాకా తెచ్చి, అక్కడినుంచి ముప్పావు చుట్టు బిగించండి. ఇంజన్‌ను బట్టి ఇది కొంచెం మారుతుంది, డబ్బా మీదే రాసి ఉంటుంది. పానాతో బలమంతా పెట్టి బిగిస్తే రబ్బరు నలిగి, కారడం ఇంకా పెరుగుతుంది. పైగా తర్వాతిసారి ఊడదు.

డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది వేసి, ఆయిల్ పోసి, స్టార్ట్ చేసి, రేస్ ఇవ్వకుండా లైటు ఆరేదాకా ఆగండి. అర నిమిషం నడిచాక ఫిల్టర్ చుట్టూ, బోల్టు దగ్గర వేలితో తడిమి చూడండి. ఆపి ఐదు నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ చూస్తే ఫిల్టర్ మింగిన ఆయిల్ మేర తగ్గి ఉంటుంది, చిన్న కార్లలో సుమారు 150 నుంచి 300 మిల్లీలీటర్లు. అది మళ్లీ పోయాలి.

కొత్త కార్లలో చాలావాటికి రేకు డబ్బా లేదు. ప్లాస్టిక్ మూత కింద కాగితపు ఎలిమెంట్ మాత్రమే ఉంటుంది. అక్కడ మూత ఓ-రింగు ప్రతిసారీ మార్చాలి. మూత మీద రాసిన న్యూటన్‌మీటర్ల (బిగింపు బలం కొలత) మేరకు టార్క్ పానాతో బిగించాలి, చాలావాటికి అది 25. మించితే మూత చీలుతుంది.

బైకుల్లో స్ప్లెండర్ రకం ఇంజన్లకు కాగితపు ఫిల్టరే లేదు. తిరిగే గిన్నె విసురుకు మురికి అంచుకు అతుక్కుంటుంది, దానికి తోడు ఒక జాలీ ఉంటుంది. ఆ రెండూ మాన్యువల్ చెప్పిన గడువుకు శుభ్రం చేయించాలి. కాగితపు ఎలిమెంట్ ఉన్న బైకుల్లో ఏ వైపు బయటికి రావాలో ఎలిమెంట్ మీదే గుర్తు ఉంటుంది. తిరగేసి పెడితే ఆయిల్ దారి మూసుకుపోతుంది.

ఎప్పుడు మార్చాలి, దుమ్ము ఎక్కడ ఆపాలి

చాలా పెట్రోల్ కార్ల మాన్యువల్‌లో పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటుంది. దాని పక్కనే దుమ్ము రోడ్లు, చిన్న చిన్న దూరాలు, భారం లాగడం ఉంటే గడువు తగ్గించమని ఇంకో పట్టిక ఉంటుంది. మన పల్లె దారుల్లో నడిచే బండికి వర్తించేది ఆ రెండో పట్టికే. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చండి. పాత ఫిల్టర్‌లో మిగిలిన నల్లటి ఆయిల్ కొత్తదాంట్లో కలుస్తుంది, పైగా ఆయిల్ ఖర్చుతో పోలిస్తే ఫిల్టర్ ఖర్చు తక్కువ.

ట్రాక్టర్లకు లెక్క గంటల్లో. కొత్తదానికి మొదటిసారి 50 గంటలకు, ఆ తర్వాత చాలా మోడళ్లకు 250 గంటలకు. బుడ్డల (వేరుశనగ కాయల) మిషన్ దగ్గర రోజంతా నిలబడి తిరిగే ట్రాక్టర్ కిలోమీటరు కూడా నడవదు. అయినా ఇంజన్ గంటలు పడుతూనే ఉంటాయి, చుట్టూ పొట్టు దుమ్ము లేస్తూనే ఉంటుంది. అవర్ మీటర్ పాడైతే మొదట అది బాగు చేయించండి.

పాత ట్రాక్టర్ల ఎలిమెంట్‌ను డీజిల్‌లో కడిగి మళ్లీ వేయడం మన దగ్గర ఇంకా ఉంది. వద్దు. నారల లోతులో ఇరుక్కున్న రేణువులు కడిగితే రావు. పైగా కడిగేటప్పుడు మురికి డీజిల్ శుభ్రమైన వైపుకు కూడా పోతుంది, మొదటి స్టార్ట్‌లో అదంతా బేరింగులకు చేరుతుంది.

ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్. గాలిని ఆయిల్ గిన్నె మీదుగా పంపి దుమ్ము పట్టే ఆయిల్ బాత్ రకం ఉంటే, దుక్కి రోజుల్లో గిన్నెను పొద్దున్నే చూడాలి. అడుగున మడ్డి పేరుకుంటే గిన్నెను డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, గీత దాకా కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటితే ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చుకుంటుంది. కాగితపు ఎయిర్ ఫిల్టర్ అయితే గాలి లోపలినుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. పంక్చర్ షాపు కంప్రెసర్‌ను పూర్తి ఒత్తిడితో దగ్గరగా పెడితే కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి. చాలామంది మరిచిపోయేది ఫిల్టర్ తర్వాత వచ్చే రబ్బరు గొట్టం. దాని క్లిప్పు విప్పి, లోపలి గోడను తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు ఎర్రటి చార అంటిందంటే దుమ్ము ఫిల్టర్ తప్పించుకుని ఇంజన్‌లోకి పోతోంది. ఆ చార ఎక్కడ మొదలైందో వెతికితే చీలిక దొరుకుతుంది, ఎక్కువసార్లు క్లిప్పు కిందే.

తీసిన ఫిల్టర్‌ను కోసి చూడండి

ఇంజన్ లోపల ఏం జరుగుతోందో ఇంత చౌకగా చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. హ్యాక్సా బ్లేడుతో కోయొద్దు, రంపపు పొడి లోపల పడి తప్పుడు లెక్క చూపిస్తుంది. డబ్బా కోసే చక్రాల కట్టర్ వాడాలి. కాగితాన్ని చుట్టనుంచి విడదీసి, బెంచీ పట్టుడులో గుడ్డ చుట్టి పిండి, ఆయిల్ కారాక మడతలు విప్పి ఎండలో పట్టండి. మడతల లోతులో నల్లటి మసి పూత, కొద్దిపాటి మెరుపు మామూలే. అయస్కాంతం ఆడిస్తే అంటుకునేది ఇనుము. పిస్టన్ రింగులు, కామ్, గేర్ల నుంచి వచ్చి ఉంటుంది. అంటని వెండి మెరుపు ఎక్కువగా అల్యూమినియం, పిస్టన్ గానీ బేరింగు గానీ. పసుపు ఎరుపు మెరుపు కనిపిస్తే బేరింగు పైపూత అరిగి లోపలి రాగి పొర బయటపడింది. అప్పుడు ఆయిల్ పోసి పంపేయడం కాదు, చాంబర్ దింపి బేరింగులు చూడాలి. నల్లటి ప్లాస్టిక్ ముక్కలు టైమింగ్ చైన్ గైడువి కావచ్చు. రబ్బరులా సాగే ముక్కలు ఎవరో ఎక్కువగా పూసిన సీలెంట్‌వి. లేత గోధుమ రంగు జిగురు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి, రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నాయేమో చూడండి. వేలికి ఆయిల్ రాసి బొటనవేలితో రుద్దితే ఇసుక గరగర తగిలితే ఎయిర్ ఫిల్టర్ దారి మళ్లీ వెతకాల్సిందే.

కోసే ఉద్దేశం లేకపోతే, తీసిన డబ్బా అడుగున మేకుతో బొక్క కొట్టి, వెచ్చగా ఉన్నప్పుడే మూతి కిందికి పెట్టి రాత్రంతా, అంటే 12 గంటలైనా, పాత టిన్నులోకి కారనివ్వండి. బొక్క కొట్టిన డబ్బాకు రంగేసి మళ్లీ అమ్మడం ఎవరి వల్లా కాదు. కారిన ఆయిల్‌ను కాలువలో గానీ బోరు పక్కన మట్టిలో గానీ పోయకండి, చెదలకు మంచిదని దూలాలకు పూయడం కూడా వద్దు. మూత ఉన్న క్యాన్‌లో పోగేసి, వాడిన ఆయిల్ తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకు ఇచ్చే సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి. ఖాళీ డబ్బా పాత ఇనుము కిందికి పోతుంది.